354 మందిలో పదకొండు

ఉప్పల్ స్టేడియం ముందు ఏ కుర్రాణ్ణి ఆపి అడిగినా సన్‌రైజర్స్ పదకొండు మందినీ, పైన ఇంపాక్ట్ ప్లేయర్‌నీ గుక్కతిప్పుకోకుండా చెప్తాడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేసి 354 మందిని వరుసగా నిలబెట్టారు. అందులోంచి పదకొండు పేర్లు అడిగితే నాచారం పెద్దమనుషులు కూడా ఫోన్ తీస్తారు. అదేమో ఎప్పుడూ చూపే నాలుగు బెస్ట్‌సెల్లర్లే చూపిస్తుంది. కొత్త రచయితలు దొరకడం లేదని మళ్లీ నిట్టూర్పొకటి!

పుస్తకాలకు డబ్బు పెట్టట్లేదా అంటే, పెడుతున్నాం. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సే. ఆ లైబ్రరీ మెట్లెక్కేది మాత్రం గ్రూప్స్‌కు చదివే పిల్లలు. గైడ్లు వాళ్లవే, ఫ్యాను గాలి లైబ్రరీది.