ఫాల్స్ సీలింగ్‌లోని కంట్రోల్ వైరుకు బహిరంగ లేఖ

ఆబిడ్స్, హైదరాబాద్.

గౌరవనీయులైన కంట్రోల్ వైరు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది. కానీ మీ వల్లనే మా హాల్లో కుశలం కరువైంది. జీపీవో నుంచి నడిచి వచ్చే దూరంలో, మొదటి అంతస్తులో, పోటీ పరీక్షల పిల్లలు చదువుకునే హాలు మాది. మీరుండేది దాని ఫాల్స్ సీలింగ్ పైన, హీట్ రికవరీ వెంటిలేషన్ యూనిట్‌కూ గోడ మీది కంట్రోలర్‌కూ మధ్య. పిల్లల కంటికి మీరు కనబడరు. మీరు చేసేదంతా వాళ్ళ ఊపిరికి తెలుస్తుంది.

ఆ యూనిట్ మేం సరదాకి పెట్టించలేదు. ఆబిడ్స్‌లో కిటికీ తెరిస్తే హారన్లు, ఆటోల పొగ, ఎండాకాలం వడగాలి. మూస్తే ఉక్కిరిబిక్కిరి. ఆరుబయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం పైచిలుకు. కిటికీలు బిగించి ఏసీ వేసిన నిండు హాల్లో అది సులువుగా వెయ్యి దాటిపోతుంది. స్ప్లిట్ ఏసీ కొత్త గాలి తేదు, ఉన్నదాన్నే మళ్ళీ మళ్ళీ చల్లబరుస్తుంది. మధ్యాహ్నానికి పిల్లలకు తలనొప్పులు. అందుకే ఈ యూనిట్. చలిదేశాల్లో ఈ యూనిట్ ఇంటి వెచ్చదనాన్ని కాపాడుతుంది, మన దగ్గర చల్లదనాన్ని కాపాడుతుంది. బయటికి పోయే గాలీ లోపలికొచ్చే గాలీ ఒకదానితో ఒకటి కలవకుండా పలుచని పలకలకు అటూ ఇటూ వెళతాయి, వేడి మాత్రం చేతులు మారుతుంది. బయట 42 డిగ్రీలు, లోపల 25 ఉంటే, 70 శాతం సామర్థ్యంతో నడిచే యూనిట్ వచ్చే గాలిని దాదాపు 30కి దింపుతుంది. ఇంత మంచి యంత్రం, దాని రెండు ఫ్యాన్లతో సహా, మీరు మోసుకొచ్చే మాట మీదే నడుస్తుంది.

మీకు మేం ఏం తక్కువ చేశాం? ట్రూప్ బజార్‌లో బెల్లు వైరు చాలన్నా వినకుండా, రెండేసి తీగలు మెలేసి పైన షీల్డ్ ఉన్న కేబులే అడిగి కొన్నాం. యూనిట్‌కు సొంత ఎంసీబీ ఇచ్చాం, మంచి ఎర్తింగ్ ఇచ్చాం. మీకు వేరే పైపు వేయాలని కాగితం మీద గీసి మరీ ఇచ్చాం. పని ముగిసి, సీలింగ్ మూసి, డబ్బులు తీసుకుని మిస్త్రీలు వెళ్ళిపోయాక, తలనొప్పి మళ్ళీ మొదలైతే పలక తీసి చూశాం. ఏసీలకు వెళ్ళే 230 వోల్టుల లైన్ల పైపులోనే మీరు కాపురం పెట్టారు.

దాని ఫలితం చెబుతాను, వినండి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే మా సెన్సర్ 0 నుంచి 2000 పీపీఎం దాకా ఉన్న లెక్కను 0 నుంచి 10 వోల్టులుగా మీతో పంపుతుంది. అంటే దారిలో ఒక్క వోల్టు తేడా వస్తే 200 పీపీఎం తప్పు. పక్కన ఏసీ కంప్రెసర్ లేచినప్పుడల్లా మీరు ఉలిక్కిపడతారు. గాలి బాగున్నా పాడైందని కబురు చేస్తారు. ఫ్యాన్ ఒక్కసారి హోరెత్తుతుంది, మరుక్షణం పడిపోతుంది. షీల్డ్‌ను ఒక చివరే ఎర్త్ చేయమని చెప్పాం. మిస్త్రీలు రెండు చివరలా కట్టారు. దాంతో కాపాడవలసిన షీల్డే కరెంటు తిరిగే దారి అయింది.

అంతటితో ఆగారా? సప్లయి ఫ్యాన్‌కు ఆజ్ఞ తీసుకెళ్ళే జాయింటు దగ్గర మీరు వదులయ్యారు. లోపలికి గాలి తెచ్చే ఫ్యాన్ ఆగింది, బయటికి తోసేది మాత్రం తిరిగింది. హాల్లో గాలి ఒత్తిడి పడిపోయి, తలుపు సందుల్లోంచి బాత్రూమ్ వాసన, మెట్ల కింది స్కూటర్ల పొగ లోపలికి చొచ్చుకొచ్చాయి. మా ఏసీ చల్లదనమంతా వీధి పాలైంది. కంట్రోలర్ మీద మాత్రం స్పీడు మామూలుగానే కనబడింది, ఎందుకంటే అది చూపేది తానిచ్చిన ఆజ్ఞను, ఫ్యాన్ అసలు తిరుగుతోందో లేదో కాదు. పిల్లలు బాగాలేదంటుంటే, అంతా బాగుందని గోడ అంది. ఇది నాకు మింగుడుపడటం లేదు.

మీ తీగలన్నీ ఒకే రంగు, ఒక్కదానికీ లేబుల్ లేదు. దాని గురించి పోట్లాడను, అంతకంటే పెద్ద మాట ఉంది.

ఫైర్ అలారం ప్యానెల్ నుంచి యూనిట్‌కు మీలోని ఒక జత రావాలి. గంట మోగగానే ఫ్యాన్లు ఆగాలి, లేకపోతే మెట్లమీది పొగను సప్లయి ఫ్యానే తెచ్చి పిల్లల మీద పోస్తుంది. ఆ జత టెర్మినల్ దాకా వచ్చి, టేపు చుట్టుకుని వేలాడుతోంది. అలారం పరీక్షించిన రోజు గంట మోగింది, ఫ్యాన్లు హాయిగా తిరిగాయి.

ఇక్కడికి దగ్గర్లోనే నాంపల్లి. ఏటా నుమాయిష్ జరిగే మైదానంలో 2019 జనవరి 30న దుకాణాల వరసలు కాలిపోయాయి. ఆరుబయలు కాబట్టి జనం పరుగెత్తగలిగారు. 2023 నవంబర్ 13న బజార్‌ఘాట్ అపార్ట్‌మెంట్‌లో కనీసం 9 మంది పోయారు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర 17 మంది, వారిలో 8 మంది పిల్లలు. ఈ రెండు చోట్లా మంట కింద మొదలైంది, మనుషులు పైన ఉన్నారు. ఈ ప్రమాదాల్లో దేన్నీ మీకు అంటగట్టను. కానీ మా హాలు కూడా పైనే ఉంది, మెట్లదారి ఒక్కటే ఉంది. పొగ ఎంత వేగంగా ఎక్కుతుందో తెలిసిన ఊళ్ళో ఉంటూ, ఆ ఒక్క జతను మీరు గాలికి వదిలేయడం నేను క్షమించను.

కాబట్టి, అయ్యా, ఇది మనవి కాదు, నోటీసు. రోడ్డు పక్కన పాత పుస్తకాలు పరుచుకునే ఆదివారం మా హాలుకు సెలవు. ఆ రోజు మిమ్మల్ని ఆ పైపులోంచి లాగి, మీకంటూ వేరే పైపులో, కరెంటు లైన్లకు దూరంగా వేయిస్తాం. ప్రతి తీగకు రెండు కొసలా నంబరు వేస్తాం. అలారం జతను, మామూలు వేళ మూసి ఉండే కాంటాక్టు మీదుగా కలుపుతాం. అప్పుడు గంట మోగినా, ఎలుక మిమ్మల్ని కొరికి తెంపినా, ఫ్యాన్లు ఆగక తప్పదు. తర్వాత నేనే అలారం నొక్కుతాను. రెండు ఫ్యాన్లూ ఆగడం కళ్ళతో చూసేదాకా సీలింగ్ పలకలు పెట్టనివ్వను, మిస్త్రీకి డబ్బులివ్వను.

ఇట్లు,
హాలు నిర్వాహకుడు