డబ్బంతా చిన్న ట్యూబు మీదే పెట్టండి

హెడ్‌ఫోన్ యాంప్‌తో వచ్చిన ట్యూబులు తీసేసి మంచివి వేసుకుందామనుకునే వారికి ఎవరైనా చెప్పేది ఒకటే: పేరున్నది కొనండి, పాతది కొనండి, ఖరీదైనది కొనండి. నా సలహాలు వీటికి ఎదురుగా నడుస్తాయి. డార్క్‌వాయిస్ 336ఎస్ఈ యాంప్‌నే తీసుకుందాం. అందులో రెండే ట్యూబులు: చిన్నది 6ఎస్ఎన్7, పెద్దది 6ఏఎస్7జీ. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు.

1. పెద్ద ట్యూబు జోలికి పోకండి

చూడగానే కన్ను పడేది 6ఏఎస్7జీ మీదే. అందుకే చాలామంది ముందు దాన్ని మారుస్తారు. అది అసలు పవర్ సప్లైలలో వోల్టేజీని నిలకడగా ఉంచడానికి పుట్టిన ట్యూబు. దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టరు సుమారు 2. ఈ యాంప్‌లో అది వోల్టేజీని పెంచదు, హెడ్‌ఫోన్‌కు కావలసిన కరెంటు ఇస్తుంది. పెంచే పనంతా 6ఎస్ఎన్7ది. దాని ఫ్యాక్టరు 20. తేడా వినాలనుకుంటే డబ్బు అక్కడే పెట్టండి.

2. గట్టిగా పలికే ట్యూబును అనుమానించండి

రెండు ట్యూబులను పోల్చినప్పుడు కాస్త గట్టిగా వినిపించేదే మేలని మన చెవి తేల్చేస్తుంది. 6ఎస్ఎల్7 పిన్నులు 6ఎస్ఎన్7 పిన్నుల లాగే ఉంటాయి, ఫ్యాక్టరు మాత్రం 70. దాన్ని పెట్టగానే పాటకు ప్రాణం వచ్చినట్టుంటుంది. పెరిగింది నాణ్యత కాదు, శబ్దం. పైగా ఈ సర్క్యూట్ దానికోసం కట్టింది కాదు. 6ఎస్ఎన్7లను ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు కూడా 200 హెర్ట్జ్ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ దగ్గర ఏసీ వోల్టేజీని మల్టీమీటరుతో కొలిచి, రెండుసార్లూ వాల్యూము సమానం చేసుకోండి. ఆ తర్వాతే తీర్పు చెప్పండి.

3. సాకెట్లో దిగిందని సంతోషించకండి

6ఎస్ఎన్7 సాకెట్లో 12ఎస్ఎన్7 కూడా చక్కగా దిగుతుంది. కానీ దాని హీటరుకు 12.6 వోల్టులు కావాలి, ఇక్కడ అందేది 6.3 మాత్రమే. ఇంకా ప్రమాదం ఏమిటంటే, 6ఎస్ఎన్7, 6ఏఎస్7జీ రెండింటి పిన్నుల అమరికా ఒకటే. తారుమారుగా పెట్టినా అడ్డు తగలదు. పెద్దదానిలో ఒక్కో సగం 13 వాట్ల వేడి తట్టుకుంటుంది, చిన్నదానికి అంత శక్తి లేదు. అందుకే ఏ సాకెట్టు దేనిదో రాసిపెట్టుకోండి. మార్చేముందు స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారనివ్వండి. లాగేటప్పుడు గాజును కాదు, కింది బేస్‌ను పట్టుకోండి.

4. పేరు చూడకండి, కొలతలు అడగండి

టంగ్-సోల్ ఒకప్పటి అమెరికన్ కంపెనీ. ఇప్పుడు అదే పేరుతో వచ్చే కొత్త ట్యూబులు రష్యాలోని సరతోవ్‌లో తయారవుతున్నాయి. ముద్ర ఒకటైనా వస్తువు వేరు. 6ఎస్ఎన్7 గాజులో రెండు ట్రయోడ్లుంటాయి: ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి. ఆ రెండూ సమానంగా లేకపోతే నడిమధ్య నిలవాల్సిన గాయని గొంతు ఒక పక్కకు జరుగుతుంది. అందుకే డబ్బా తెరవని, కొలవని ట్యూబు కంటే, రెండు సగాల రీడింగులూ రాసిచ్చిన పాత ట్యూబే నాకు మేలు. సోవియట్ కాలపు 6ఎన్8ఎస్ కూడా 6ఎస్ఎన్7 కుటుంబానిదే. పేరు తక్కువని దాన్ని పక్కన పెట్టకండి.

5. ట్యూబు కంటే ముందు హెడ్‌ఫోన్ సంగతి చూడండి

ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని యాంప్‌కు ఎక్కువ ఓముల హెడ్‌ఫోన్ కావాలి. 300 ఓముల సెన్‌హైజర్ హెచ్‌డీ 650 దీనికి బాగా నప్పుతుంది. 32 ఓములదైతే బాస్ పలచబడుతుంది, డిస్టార్షన్ పెరుగుతుంది. ఎంత అరుదైన ట్యూబు తెచ్చినా ఆ లోటు తీరదు.

6. నచ్చిన ట్యూబును వారానికి తీసేయండి

పెట్టిన రోజు కొత్తదనమే వినిపిస్తుంది. వారం విన్నాక యాంప్‌తో వచ్చిన ట్యూబును మళ్లీ పెట్టి, వాల్యూము సమానం చేసి, బాగా ఎరిగిన పాటలే వినండి. ఏదో పోయిందనిపిస్తే కొత్తది తిరిగి పెట్టుకోండి, మీ డబ్బు సద్వినియోగమైనట్టే. ఏమీ పోలేదనిపిస్తే కంపెనీ ట్యూబునే వాడుకోండి, ఇకపై ట్యూబులకు పెట్టాలనుకున్న డబ్బుతో మంచి రికార్డింగులు కొనుక్కోండి.