ఉపవాస దినం

1697 జనవరి 14. ఇంగ్లండ్ ఏలుబడిలోని మసాచుసెట్స్ అంతటా ఆ రోజు ఉపవాస దినం. 1692లో సేలంలో మంత్రగత్తెలన్న నింద మోపి 19 మందిని ఉరితీశారు. జైల్స్ కోరీ అనే వృద్ధుణ్ణి రాళ్ల బరువు కింద నలిపి చంపారు. ఆ వ్యవహారంలో జరిగిన పొరపాట్లకు ప్రజలంతా పశ్చాత్తాపపడి దేవుణ్ణి వేడుకోవాలని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది.

ఆ విచారణ ఎంత ఘోరమంటే, చేయని నేరం చేశామని ఒప్పుకుని ఆ మాట మీదే నిలబడ్డవాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. దేవుడికి భయపడి అబద్ధమాడనన్నవాళ్లు ఉరికంబమెక్కారు.

తీర్పులిచ్చిన న్యాయమూర్తుల్లో శామ్యూల్ స్యూవల్ ఒకరు. 1696 డిసెంబరులో ఆయన పసికూతురు సారా కన్నుమూసింది. మర్నాడు కొడుకు మత్తయి సువార్త పన్నెండో అధ్యాయం అప్పజెబుతూ, నిర్దోషులను దోషులుగా ఎంచడం గురించి యేసు చెప్పిన మాట దగ్గరికొచ్చాడు. తండ్రి గుండె కలుక్కుమంది. సేలం కళ్లముందు కదిలింది.

ఉపవాస దినాన బోస్టన్ సౌత్ చర్చిలో, తన పక్కగా వెళ్తున్న పాస్టరు శామ్యూల్ విల్లార్డ్ చేతిలో స్యూవల్ ఓ కాగితం పెట్టారు. పాస్టరు అది చదువుతుంటే, సంఘమంతా చూస్తుండగా లేచి నిలబడ్డారు. ఆ నిందా, ఆ సిగ్గూ తనవేనని, మనుషులు మన్నించాలని, దేవుడు తన పాపం క్షమించేలా అందరూ ప్రార్థించాలని అందులో ఉంది. చదవడం పూర్తయ్యాక తల వంచి నమస్కరించారు.

తప్పు జరిగిపోయిందనడం ఎవరికైనా సులువే. నేను చేశాననడానికే దైవకృప కావాలి. క్రైస్తవ విశ్వాసానికి గుమ్మం అదే. ఆ గుమ్మం దాటినవాడి బతుకు మారి తీరాలి. స్యూవల్ బతుకు మారింది. మనుషుల్ని బానిసలుగా అమ్మడం పాపమంటూ 1700లో ఆయన కరపత్రం అచ్చువేశారు.

మిగతా న్యాయమూర్తుల్లో ఒక్కరూ అలా బహిరంగంగా క్షమాపణ అడగలేదు. వాళ్లకు పెద్ద అయిన ప్రధాన న్యాయమూర్తి విలియం స్టౌటన్ 1701లో చనిపోయేదాకా నోరు విప్పి తప్పయిందనలేదు.

ప్రజలంతా పశ్చాత్తాపపడాలన్న ఉత్తర్వు వెలువడింది లెఫ్టినెంట్ గవర్నర్ పేరిట. ఆ లెఫ్టినెంట్ గవర్నర్ విలియం స్టౌటనే!