వెనక బ్రేకు పట్టేసిందా? వదిలించకండి

బండి న్యూట్రల్లో ఉంది, తోస్తే కదలదు. డబుల్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే అరచుట్టు తిరిగి గర్రుమని ఆగిపోతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రోడ్ల మీద తిరిగే సోదరులారా, ఇదొక జబ్బని ఎవరో మీ చెవిలో ఊది ఉంటారు. నమ్మకండి. దొంగ తోసుకుపోలేని బండి ఊరికే దొరుకుతుందా?

ముందుగా నేరం ఎవరి మీద మోపాలో తేల్చుకోండి. మైలేజీ పడిపోయింది, కాబట్టి పెట్రోలు బంకువాడే దోషి. పికప్ తగ్గింది, కాబట్టి ఇంజను బోరుకొచ్చింది, వెంటనే విప్పించండి. వెనక కూర్చునే బావమరిది బరువును కూడా అనుమానించవచ్చు. బ్రేకును మాత్రం అనుమానించకూడదు. వెనక బ్రేకు తొక్కకుండా నాలుగైదు కిలోమీటర్లు నడిపి దిగి, డ్రమ్ముకు ఆనించకుండా దగ్గరగా చెయ్యి పెడితే సెగ తగిలి అసలు సంగతి బయటపడుతుంది. అందుకే దిగగానే నేరుగా టీకొట్టుకు నడవండి.

అసలు మర్మమంతా చైనులో ఉంది. చైను లూజైందని టైటు చేయిస్తాం. టైటు చేయడమంటే వెనక చక్రాన్ని కాస్త వెనక్కి జరపడమే. చక్రం జరిగితే దాంతోపాటు బ్రేకు ప్లేటూ జరుగుతుంది. ఇటు పెడల్‌కూ అటు ప్లేటు మీది లీవరుకూ తగిలించి ఉన్న రాడ్డు పొడవు మాత్రం పెరగదు కదా, అది బిగుసుకుంటుంది. ఎవరూ తొక్కకుండానే బ్రేకు సగం పడిపోతుంది. కనుక చైను ముట్టుకున్న మెకానిక్ రాడ్డు చివరి నట్టును కూడా కాస్త వదులు చేయాలి. మీరు చేయనివ్వకండి. ‘చైనుకే దుడ్డిచ్చేది, బ్రేకు జోలికి పోవద్దప్పా’ అని గట్టిగా చెప్పండి. నిన్న చైను టైటు చేయించాం, ఇవాళ బండి లాగడం లేదు అన్న రెండు ముక్కల్ని పొరపాటున కూడా కలిపి ఆలోచించకండి.

చాలా బండ్లకు వెనక పెడల్ 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఖాళీగా దిగాకే బ్రేకు అందుకోవాలని బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. లేపాక్షి గుడిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి మురిసిపోతాం చూడండి, షూకూ డ్రమ్ముకూ మధ్య కూడా అలాంటి సందు ఉండాలట. మన బండేమైనా గుడా? నట్టు బిగించండి, కాలు తగిలీ తగలకముందే పట్టాలి.

పైగా ఆ కాలిని తీయకండి. హిందూపురం మార్కెట్లో చింతపండు బస్తా వేసుకొచ్చినా, ధర్మవరంలో పట్టుచీరల మూట కట్టుకొచ్చినా కుడి బూటు పెడల్ మీదే ఉండాలి. దీనివల్ల వెనక లైటు దారి పొడవునా వెలుగుతూనే ఉంటుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద మీ వెనకొచ్చే లారీ డ్రైవరుకు ఆ ఎర్రలైటు అలవాటైపోతుంది. మీరు నిజంగా బ్రేకు వేసినరోజు పాపం ఆయన ఏమాత్రం కంగారుపడడు.

చప్పుడొస్తే నూనె. ఎక్కడ పోయాలన్నదే విద్య. తెలిసినవాళ్లు పెడల్ ఇరుసుకూ, షూలను విడదీసే క్యాముకూ కొంచెం గ్రీసు పూస్తారు. క్యాము ఎండి తుప్పు పడితే తొక్కినప్పుడు తిరుగుతుంది, వదిలినప్పుడు వెనక్కి రాదు. స్ప్రింగు లాగలేక చేతులెత్తేస్తుంది. కానీ అక్కడికి చేరాలంటే చక్రం ఊడదీయాలి, షూలు తీయాలి. అంత తీరిక ఎవరికుంది? పాత ఇంజన్ ఆయిల్ తెచ్చి సందులోంచి డ్రమ్ములోకే వంపేయండి. లైనర్లు తాగేస్తాయి, చప్పుడు ఆగిపోతుంది. ఆ తర్వాత బ్రేకు పట్టేసిందన్న ఫిర్యాదే ఉండదు, అసలు పట్టదు కాబట్టి. ఒకవేళ చక్రం విప్పారే అనుకోండి, లోపలి దుమ్మును తడిగుడ్డతో తుడవకుండా నోటితో ఉఫ్‌మని ఊదండి. లైనరు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదని డాక్టర్లు అంటూనే ఉంటారు.

డిస్కు బ్రేకు బాబులకు ఒక్క మాట. క్యాలిపర్ మీది బ్లీడర్‌ను రవ్వంత వదిలినప్పుడు ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయితే ఒత్తిడి లైనులోనే చిక్కుకుందని, తప్పు మాస్టర్ సిలిండర్‌లోనో హోసులోనో ఉందని అర్థం. ఫ్రీ కాకపోతే పిస్టనో, క్యాలిపర్ పిన్నులో బిగుసుకున్నట్టు. ఇంత తేలిగ్గా తేలిపోతే నలుగురం కూర్చుని మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? బ్రేకు ఆయిల్ డబ్బాలో ఇంజన్ ఆయిల్ పోసి చూడండి. రబ్బరు సీళ్లు ఉబ్బుతాయి, మార్చాల్సిన సామాన్ల జాబితా మీ ఇంటి పచారీ చీటీని మించిపోతుంది.

దారిలో చక్రం పూర్తిగా బిగుసుకుపోతే? డ్రమ్ము చల్లారేదాకా చెట్టు నీడన ఆగి, రాడ్డు నట్టు వదులుచేసి, ముందు బ్రేకుతో మెల్లగా షాపు చేరుకోవడం పిరికివాళ్ల పద్ధతి. మీరు కాలుతున్న డ్రమ్ము మీద చన్నీళ్లు కుమ్మరించి, ఇక తోయడం మొదలుపెట్టండి. 1565లో తళ్లికోట యుద్ధం ఓడాక విజయనగర పాలకులు రాజధానినే పెనుకొండకు తరలించుకున్నారు. మీరు ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ దాకా ఒక్క బండిని తోయలేరా?

ఏం చేసినా సరే, ఆ నట్టు ఒక్కటి మాత్రం వదులు చేయకండి. చాలా బండ్లకు అది చేత్తోనే తిరుగుతుంది, స్పానరు కూడా అక్కర్లేదు.