నేను దాటేసిన పేజీలు

డిటెక్టివ్ నవల అంటే హంతకుడెవరో తేలడమే అనుకునేవాణ్ని. అద్దెకు తెచ్చిన కొమ్మూరి సాంబశివరావు నవలల్ని, మర్నాటి అద్దె పడకుండా రాత్రికి రాత్రే ముగించే రోజుల్లో మొదలైన తొందర అది. తప్పు ఆ నవలలది కాదు, నాది. ఆ తొందరతోనే జపాన్ రచయిత మత్సుమొతో సెయిచో నవల 'పాయింట్స్ అండ్ లైన్స్' పట్టుకున్నాను. రైళ్ల టైములు కనపడ్డ చోటల్లా పేజీలు తిప్పేశాను. ఎంత తెలివితక్కువ పనో రెండోసారి చదివితే గానీ తెలియలేదు.

క్యుషులోని కషీ సముద్రతీరాన ఒక జంట శవాలు దొరుకుతాయి. ప్రేమికులు విషం తీసుకున్నారని అంతా తేల్చేస్తారు. ఫుకుఒకా పోలీసు తొరిగాయికి మాత్రం మనసొప్పదు. చచ్చిపోయినవాడి జేబులో రైలు భోజనశాల బిల్లుంది. అది ఒక్కరి భోజనానికే. కలిసి చావబోయేవాళ్లలో ఒకరు ఒంటరిగా ఎందుకు తిన్నట్టు? ఇక టోక్యో స్టేషన్లో, 15వ ప్లాట్‌ఫారం మీద ఆగిన వాళ్ల రైలు 13వ ప్లాట్‌ఫారం నుంచి కనపడేది సాయంత్రం 5:57 నుంచి 6:01 వరకే. మిగతా సేపంతా వేరే రైళ్లు అడ్డం. సాక్షులు ఆ జంటను చూసింది సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లోనే. చూశారా, ఎవరైనా చూపించారా?

నవలలో కామకురాలో మంచం పట్టిన ర్యోకో అనే ఆమె ఉంది. ఈ నిమిషాన ఏ ఊళ్లో ఏ రైలు ఆగిందో టైమ్‌టేబుల్లో చూసి ఊహించుకుంటూ బతుకుతుంది. నేను విసుక్కున్న అంకెలే ఆమెకు లోకం. ఆమెను నేను మొదటిసారి సరిగ్గా చూడనే లేదు. ఈ రైళ్లన్నిటి వెనకా ఒక ప్రభుత్వ శాఖ లంచాల వ్యవహారం, పైవాళ్ల కోసం బలైపోయిన ఉద్యోగి ఉన్నారన్నదీ నాకు పట్టలేదు. హంతకుడు దొరికాడు గానీ నవల దొరకలేదు.

రచయిత జీవితం తెలిశాక మరింత సిగ్గేసింది. 1909లో పుట్టిన సెయిచోకి పేదరికం వల్ల పైచదువు లేదు. అచ్చాఫీసులో పని నేర్చుకున్నాడు, కొకురాలో పత్రికకి ప్రకటనలు గీశాడు. యుద్ధం తర్వాత ఇల్లు గడవక రైళ్లలో తిరిగి చీపుర్ల బేరం చేశాడు. నలభై దాటాక రచయితయ్యాడు. 1953లో అకుతగవా సాహిత్య బహుమతి వచ్చింది. ఈ నవల 1957–58లో 'తబి' అనే యాత్రా పత్రికలో సీరియల్‌గా వచ్చింది. పొట్టకూటికి రైలెక్కినవాడు రాసిన టైములవి. వాటిని నేను పేజీలు నింపడానికి రాసినవనుకున్నాను.

ఇప్పుడు సెయిచో పుస్తకం తెరిస్తే పక్కన కాగితం పెట్టుకుని, రైలు బయల్దేరే టైమూ చేరే టైమూ రాసుకుంటాను. చివరి పేజీ ఎక్కడికీ పోదు.