మూతి తిరిగితే మహిమ మాది, తిరక్కపోతే తప్పు మీది

కొత్తగా వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకు ఒక ఉచిత సలహా. దానంతట అదే తగ్గే జబ్బును చూసి పట్టుకోండి. జలుబులో ఇప్పటికే పోటీ ఎక్కువ. మూతి వంకర మాత్రం భేషైన సరుకు. రాత్రి నిక్షేపంగా పడుకున్న మనిషి పొద్దున పుక్కిలిస్తే నీళ్లు ఒక పక్కనుంచి కారిపోతాయి. ఒక కన్ను మూతపడదు. నవ్వబోతే మొహం సగమే నవ్వుతుంది. అద్దంలో ఆ దృశ్యం చూసుకున్నవాడు అడిగినంత ఇస్తాడు, బేరమాడడు.

ముఖాన్ని కదిలించే నాడి సంగతి చార్లెస్ బెల్ 1821లోనే చెప్పాడని డాక్టర్లు ఈ జబ్బుకు ఆయన పేరు పెట్టుకున్నారు. మనకంత శ్రమ దేనికి? బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు, చల్లగాలి కొట్టింది. బస్సు మీద కేసు వేయలేం కనుక తైలం సీసా కొంటాం.

ఇక లాభాల లెక్క. స్కాట్లండ్‌లో, జబ్బు మొదలైన 72 గంటల్లోపు వచ్చిన రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. ప్రెడ్నిసోలోన్ మాత్రలు వాడినవాళ్లలో నూటికి 94 మంది, వాడనివాళ్లలో 82 మంది తొమ్మిది నెలలకల్లా పూర్తిగా కోలుకున్నారు. ఆ 82 మందిని ఎవరి ఖాతాలో వేయాలి? ఆ సమయానికి ఇంట్లో ఏ సీసా ఉంటే దాని ఖాతాలోనే! తన కోడి కూస్తేనే ఊరికి తెల్లవారుతుందనుకున్న ముసలమ్మ నయం, కూతకు ఫీజు అడగలేదు.

82కీ 94కీ మధ్యనున్న ఆ పన్నెండుగురి మాటేమిటి? మొదటి మూడు రోజుల్లో పడాల్సిన చవక మాత్ర వాళ్లకు పడలేదు. ఆ మూడు రోజులూ ‘ఆదివారమే మందిస్తారట’ అంటూ గడిచిపోయాయి. వంకర మిగిలిపోయినవాళ్లు ‘మా అనుభవాలు’ వీడియోలో కనిపించరు. వచ్చి అడిగితే ఎదురు ప్రశ్న సిద్ధంగా ఉంటుంది: ‘వంకాయ తిన్నారా? పోనీ గోంగూర?’ తెలుగువాడు గోంగూర తినలేదని ప్రమాణం చేయగలడా? తైలం నిర్దోషి.

ఈలోగా మూతపడని కన్ను ఎండిపోతుంటుంది. పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్పకు టేపు అంటించకపోతే నల్లగుడ్డు మీద పుండు పడవచ్చు. చెంపకు అంత శ్రద్ధగా మర్దన చేసే చేతులకు, పక్కనే ఎర్రబడ్డ కన్ను కనిపించదు.

అసలు నుదురు ముడిపడుతోందో లేదో చూసేవాడేడీ? మూతి జారినా రెండు పక్కలా నుదుటి ముడతలు పడుతున్నాయంటే అది ముఖనాడి గొడవ కాకపోవచ్చు, మెదడులో స్ట్రోక్ కావచ్చు. అప్పుడు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. ఆ వేళకు మనవాడు కారు మాట్లాడుకుని, ఆసుపత్రి దాటుకుంటూ, పక్క జిల్లా పసరు మందుకు బయల్దేరి ఉంటాడు.

ఇదంతా శాస్త్రమేనని దబాయిస్తారు గనుక ఆ శాస్త్రమే తెరుద్దాం. చరకుడు అర్దితం అన్న ఈ జబ్బుకు నస్యం చెప్పాడు, తలకు తైలం చెప్పాడు, నిజమే. సుశ్రుతుడు నిదానస్థానం మొదటి అధ్యాయంలోనే మరో మాట కూడా చెప్పాడు: రెప్ప వేయలేనివాడికి, మాట తడబడుతూనే ఉన్నవాడికి, మూడేళ్లుగా వంకర ఉండిపోయినవాడికి ఇది తగ్గదు. అంత పాతకాలం మనిషి ‘నా వల్ల కాదు’ అని రాసి పెట్టుకున్నాడు. ఆయన పేరు అట్టపెట్టె మీద అచ్చేసుకున్నవాళ్లు ‘గ్యారంటీ’ అని రాస్తారు. బుద్ధిగా చదువుకున్న ఆయుర్వేద వైద్యులు నుదురు చూసి, అవసరమైతే ఆసుపత్రికి పంపిస్తారు. పాపం, వాళ్లకు గోడల మీద ప్రకటనలుండవు.

ప్రకటనలంటే గుర్తొచ్చింది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఫలానా జబ్బులకు మందుందని ప్రకటించడమే నేరమంది. ఆ జబ్బుల పట్టికలో పక్షవాతం ఉంది. ఇదే విషయం దుకాణంలో అడిగి చూడండి. ‘అది పక్షవాతమండీ, మాది మూతి వంకరకు’ అంటారు. మరి సీసా మీద పక్షవాతానికి కూడా అని ఉందే అంటే, ‘రెండూ ఉన్నాయా? అయితే రెండు సీసాలు తీసుకోండి, తగ్గిస్తాం’ అంటారు.

ధర.