పెళ్ళికొడుక్కే శుభలేఖ

మనలో కొందరి పెళ్ళిళ్ళలో కాశీయాత్ర అని ఒక వేడుక ఉంది. గొడుగూ చేతికర్రా పట్టుకుని పెళ్ళికొడుకు సన్యాసం పుచ్చుకోడానికి బయల్దేరతాడు. నాలుగడుగులు వెయ్యగానే కాబోయే బావమరిది అడ్డొచ్చి, బెల్లంముక్క నోట్లో పెట్టి, వెనక్కి తీసుకొస్తాడు. కాశీకి టికెట్ కొనలేదని విడిదింట్లో పసిపిల్లలక్కూడా తెలుసు. అందరూ నవ్వుకుంటారు.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ అమెరికా నాయకులు ఇదే యాత్ర చేసేవారు, నవ్వకుండా.

పదవి మనిషిని వెతుక్కుంటూ రావాలి గానీ మనిషి పదవి వెంట పడకూడదని వాళ్ళ సిద్ధాంతం. కాబట్టి అధ్యక్ష పదవి ఆశించేవాడు పార్టీ మహాసభ గడప తొక్కడు, ఇంటిపట్టునే ఉంటాడు. సభ అతన్ని ఎన్నుకుంటుంది, పత్రికలు పతాక శీర్షికలు పెడతాయి, ఊళ్ళో బ్యాండు మోగుతుంది. ఆయనకు మాత్రం ఏమీ తెలియదు! కొన్ని వారాలకు పార్టీ పెద్దల బృందమొకటి వచ్చి, 'అయ్యా, మిమ్మల్ని అభ్యర్థిగా ఎన్నుకున్నాం' అని లాంఛనంగా చెబుతుంది. ఆయన కదిలిపోయి, జేబులోంచి అచ్చువేసిన ప్రసంగం తీస్తాడు.

1904లో డెమోక్రాట్లు సెయింట్ లూయిస్‌లో ఆల్టన్ పార్కర్ అనే జడ్జీగారిని ఎన్నుకున్నారు. ఆయన హడ్సన్ నది ఒడ్డున ఈసోపస్‌లో ఉన్నాడు. ఇంకా సభ ముగియకముందే అక్కణ్ణించి తంతి కొట్టాడు: డాలరును బంగారానికి ముడిపెట్టే 'బంగారు ప్రమాణం' మీద నా అభిప్రాయం ఇదీ, నచ్చకపోతే వేరేవాణ్ణి చూసుకోండి అని. ఎన్నికైనట్టు ఎవరూ చెప్పని మనిషి రాజీనామా బెదిరింపు! ఆ ఎన్నిక సంగతి ఆయనకు 'తెలిసింది' ఆగస్టు 10న. 1916లో చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ ఇంకా ఘనుడు. జూన్ 10న రిపబ్లికన్లు ఎన్నుకున్నారు, ఆ రోజే ఆయన సుప్రీంకోర్టు కొలువు వదిలేశాడు, కబురు మాత్రం జూలై 31న కార్నెగీ హాల్లో అందుకున్నాడు. ఏ కారణం చేత ఉద్యోగం మానేశాడో ఆ 51 రోజులూ ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పాడో మరి.

అందరికీ గురువు హార్డింగ్. 1920 జూన్‌లో షికాగో సభ నాటికి ఈ ఒహాయో సెనేటరు ఆ ఊళ్ళోనే ఉన్నాడు. తొలి విడత ఓటింగులో వచ్చినవి 65½. (ఆ అర చూసి నవ్వకండి, ఓటును కూడా చింతపండులా తూచి పంచుకునే దేశం అది.) ముందున్న జనరల్ వుడ్డూ, గవర్నర్ లౌడెనూ ఒకరి కాలు ఒకరు పట్టుకు లాగుతుంటే, బ్లాక్‌స్టోన్ హోటల్లో చుట్ట పొగల మధ్య పెద్దలు అర్ధరాత్రి దాటేదాకా మంతనాలాడారు. అంతా ఆ గదిలోనే తేలిపోయిందా అన్నదానిపై చరిత్రకారులు ఇప్పటికీ తగువు పడుతున్నారు. నీ గతంలో బయటపడితే ఇబ్బందయ్యే సంగతులేమైనా ఉన్నాయా అని అక్కడ హార్డింగ్‌ను అడిగితే, పది నిమిషాలు ఆలోచించుకుని లేవన్నాడని కథ. ఏమీ లేనివాడికి పది నిమిషాలెందుకో! జూన్ 12న పదో విడతలో గెలిచాడు. సరిగ్గా నలభై రోజులకు, ఆ సభకు అధ్యక్షత వహించిన హెన్రీ కాబట్ లాడ్జే హార్డింగ్ సొంతూరు మేరియన్‌కి వచ్చి ఆ శుభవార్త చెప్పాడు.

పాతకాలంలో గుర్రాల మీద ఉత్తరాలు వెళ్ళేవి, అప్పట్లో ఇది అవసరమేగా అని సమర్థించేవాళ్ళున్నారు. నిజమే. కానీ 1844లోనే బాల్టిమోర్ సభ ఉపాధ్యక్ష పదవికి ఎన్నుకున్న సైలస్ రైట్ వాషింగ్టన్ నుంచి తంతి మీద వద్దన్నాడు. తీగలో వచ్చిన మాట నమ్మలేక మనుషుల్ని పంపి అడిగించారు. అలా మొదలైన అపనమ్మకం రేడియో వచ్చినా పోలేదు. 1924లో న్యూయార్క్‌లో డెమోక్రాట్లు 103 విడతలు ఓట్లేసి జాన్ డేవిస్‌ను తేల్చారు. దేశం చెవులొగ్గి విన్నది. అభ్యర్థికి మాత్రం నెల దాటాక, ఆగస్టు 11న చెప్పారు.

1932 జూలై 2న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆల్బనీ నుంచి విమానమెక్కి షికాగో సభలో దిగి, ఎన్నుకున్నారని నాకు తెలుసు అని ఊరుకున్నాడు. పరువు మర్యాదలున్న హూవర్ అధ్యక్షుడు అలాంటి తొందరపాటు పడలేదు. జూన్‌లో తనను మళ్ళీ అభ్యర్థిగా ఎన్నుకున్న సంగతి ఆగస్టు 11న వాషింగ్టన్‌లో, తన పార్టీవాళ్ళు వచ్చి చెబితేనే విన్నాడు.